గుండు కింది గీత

పైగా, తన బలమంతా పెడుతున్నాడా లేదా అన్నది కూడా తేలడం లేదు. పెడుతున్నట్టే ఉంది. అరచేతులు మండుతున్నాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి, స్పానర్ పిడి ఒరుసుకుని బొటనవేలి మొదట్లో తోలు లేచింది. కానీ మనిషి బలంలో ఎప్పుడూ కొంత పక్కన పెట్టుకున్నది ఉంటుంది. దాన్ని ఎందుకు పక్కన పెట్టాడో వాడికే తెలియదు. నట్టు కదలడం లేదు, నిజమే. కదలనిది నట్టేనా అన్నదే అనుమానం.

రఘురామ్ స్పానర్ నేల మీద పడేసి, చేతులు లుంగీకి తుడుచుకుని, బుల్లెట్ బండి వెనక మడమల మీద కూర్చున్నాడు.

నంబరు ప్లేటు కింద, చాసిస్‌కు బిగించిన దళసరి ఇనుప పలక మీద, ఆ ఇనుప గుండు కూర్చుని ఉంది. నిమ్మకాయకంటే కాస్త పెద్దది. ట్రైలర్ ముందుకొసన ఉండే ఇనుప గిన్నె దాని మీద బోర్లా పడి పట్టుకుంటుంది. బండి ఎటు తిరిగితే ట్రైలర్ అటు తిరుగుతుంది. గుండు కింద సన్నటి మెడ, మెడ కింద పలకలోంచి దిగే మర, మర చివర నట్టు. నట్టు విప్పితే గుండు చేతిలోకి వచ్చేస్తుంది. చెప్పుకుంటే ఇంతే పని. భోజనం కాగానే మొదలుపెట్టాడు. కిరసనాయిలు పోసి నానబెట్టాడు, సుత్తితో చుట్టూ తట్టాడు, స్పానర్‌కు పైపు తొడిగి వేలాడాడు. ఇప్పుడు ఎండ గోడెక్కింది. గుండు పెట్టిన చోటే ఉంది.

ఎండ అని పేరేగానీ అది ఎండ కాదు. హార్బరు వైపు ఆకాశం రాగిచెంబు అడుగులా మారింది. వాషర్‌మెన్‌పేట్ సందుల్లోకి సాయంత్రమయ్యేసరికి ఏదో ఒక మూల నుంచి దూరే సముద్రపు గాలి ఇవాళ రాలేదు. పక్క గోడౌన్‌లో ఉల్లిపాయల బస్తాలు చెమ్మకు ఉడికి వాసన వేస్తున్నాయి. ఆదివారం గనక లారీలు లేవు. సందు అంతా ఎవరో చెప్పబోయే మాట కోసం నోరు మూసుకుని నిలబడినట్టుంది.

గోడ వారగా నీలం పట్టా కప్పుకుని కొత్త ట్రైలర్ ఉంది. రేపు పొద్దున అక్క అందులో కూర్చుంటుంది.

అక్క విజయకు చిన్నతనంలోనే రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఇంట్లో చక్రాల పలక మీద, రెండు చేతుల్లో రెండు కొయ్యముక్కలు పట్టుకుని నేలను తోసుకుంటూ తిరుగుతుంది. ఎవరి చెయ్యీ తన మీద పడనివ్వదు. ఆటో అయితే ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టాలి. పక్క చక్రాల స్కూటర్ కూడా తెచ్చి చూశారు గానీ, ఆమె కుడి భుజం హ్యాండిల్‌ను పట్టుకోలేకపోయింది. అంబత్తూరులో ఫిట్టరుగా చేసిన వాళ్ల నాయన ఆదిమూలం అందుకే బుల్లెట్ వెనక తగిలించే తొట్టిబండి చేశాడు. నేలకు జానెడెత్తున పీట. పలక మీద నుంచి ఆమె తనంతట తానే అందులోకి జరిగిపోవచ్చు. నాయన ఉన్నన్నాళ్లు నాయన లాగాడు. ఆయన పోయాక బండీ, గుండూ, అక్కా రఘురామ్‌కు వచ్చాయి. పురసవాక్కంలో ఆమెకు జాకెట్ల మీద జరీపని చేసే చిన్న దుకాణం. ప్రతి పొద్దునా ఆమెను అక్కడ దించి, పప్పుల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాసుకోవడానికి అతను వెనక్కి వచ్చేవాడు. సాయంత్రం మళ్లీ తెచ్చేవాడు.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. అది పోయేసరికి డ్రైనేజీ కోసం సందు తవ్వారు. విజయ తన జరీపని చట్రాన్ని ఇంటికి తెచ్చుకుంది. తొట్టిబండి అడుగు వానకు కుళ్లి, పాతసామాన్లవాడి పాలైంది. బుల్లెట్ వెనక ఏమీ లేకుండా రఘురామ్ కొన్నేళ్లు తిరిగాడు.

ఆ కొన్నేళ్ల సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు కూడా. సాయంత్రాలు కాశిమేడు దాకా పోయి పడవలు చూసి వచ్చేవాడు, అంతే. తిరిగి వచ్చేటప్పుడు నడుము తేలికగా ఉండేది. ఇన్నేళ్లూ నడుముకు ఏదో కట్టి ఉండేదని, అది విప్పాకే తెలిసింది.

ఇప్పుడు సందు మీద సిమెంటు పోశారు. విజయ దుకాణం మళ్లీ తెరుస్తానంది. అంబత్తూరు వర్క్‌షాపువాడితో తానే ఫోనులో మాట్లాడి, ఎండకూ వానకూ పైకప్పు పెట్టించి, ఈ కొత్తది తెప్పించుకుంది. దాని గిన్నె పెద్దది, పాత గుండుకు సరిపోదు. పెద్ద గుండు కూడా వాడే పంపాడు. పాతది విప్పి కొత్తది బిగించాలి. ఆదివారం మధ్యాహ్నం పని.

ఆ ఆలోచన మొదట ఎప్పుడు వచ్చిందో రఘురామ్‌కు గుర్తు లేదు. పాత రోజుల్లో, అక్కను దుకాణానికి తీసుకెళ్తుంటే, బేసిన్ బ్రిడ్జి మీద వచ్చేది. ఎక్కేటప్పుడు గుండు నడుముకు తాడు కట్టినట్టు వెనక్కి లాగుతుంది. దిగేటప్పుడు అదే గుండు వెనక నుంచి తోస్తుంది. ఈ రెంటికీ మధ్య, వంతెన నెత్తిన, లాగడం ఆగి తోయడం ఇంకా మొదలుకాని రెప్పపాటు ఒకటి ఉంటుంది. అప్పుడు వెనక ఎవరూ లేనట్టే ఉంటుంది. ఆ ఖాళీలోకి వచ్చేది. ఊడిపోతే.

అంతే. మాట పూర్తి కాదు. ఊడిపోతే ఏమవుతుందని గానీ, అమ్మో ఊడిపోకూడదని గానీ ఉండదు. తలుపు సందులోంచి ఒక ముఖం తొంగిచూసి మాయమైనట్టు వచ్చిపోయేది. రోజూ కాదు. కొన్ని రోజులు. ఆ రోజుల్లో వంతెన ముందు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే, ఇవాళ వస్తుందని తెలిసిపోయేది.

మనసు గురించిన పుస్తకాలు తెచ్చి చదివాడు. ఇలాంటివి అందరికీ వస్తాయని, మేడ అంచున నిలబడ్డవాడికి దూకితే అనిపించడం లాంటిదేనని, అనిపించినంత మాత్రాన కోరిక అయిపోదని వాటిలో ఉంది. చదివి ఊరటపడ్డాడు. కానీ ఆ పుస్తకాలు రాసినవాళ్లకు వంతెన నెత్తిన తన నడుము ఎంత తేలికపడేదో తెలియదు.

ఇంకొకటి కూడా జరిగేది. గొలుసు చప్పుడు ఆగిపోయేది.

గుండు మోసం చేసినా గొలుసు పట్టుకోవాలని నాయన తొట్టిబండి ముందుకు ఒక గొలుసు పెట్టించాడు. దాని చివర కొక్కెం. బయల్దేరే ముందు దాన్ని బండి పలకకున్న రింగులో తగిలించడం, ఒకసారి లాగి చూడడం రఘురామ్ ఆఖరి పని. దారి పొడుగునా అది గలగలమంటూ వెంట వచ్చేది. ఆలోచన వచ్చే రోజుల్లో మాత్రం, సిగ్నల్ దాటి వంతెన ఎక్కుతుంటే ఆ గలగల వినపడేది కాదు. తన చెవులే దాన్ని వినడం మానేస్తున్నాయనీ, మనసు తనకు అడ్డంగా ఉన్నదాని మీద గుడ్డ కప్పేస్తోందనీ అతను తేల్చుకున్నాడు. ఆలోచనకంటే ఈ తేల్చుకున్న సంగతే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

నట్టు రాకపోతే పోనీ, పైనుంచి చూద్దామని రఘురామ్ స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

గుండు మెడ కనపడదు. మెడ ఉండాల్సిన చోట పసుపూ కుంకుమా గంధమూ గట్టిపడి కాలర్‌లా చుట్టుకుని ఉన్నాయి. ఇది అమ్మ పెట్టిన ఆచారం. ఆయుధపూజ నాడు ఊరంతా హ్యాండిల్‌కూ చక్రాలకూ బొట్లు పెడితే, అమ్మ కమలాంబ ముందుగా గుండుకు పెట్టేది. ఆడబిడ్డను మోసే గుండు అనేది. పసుపు ముద్ద చేసి మెడ చుట్టూ మెత్తి, కుంకుమ అద్ది, నిమ్మకాయ కోసి దాని మీదే పిండేది. పోయిన ఏటి పసుపు కడగనిచ్చేది కాదు. నిలిచిన రక్షను కడుక్కుంటారా అని కసిరేది. ఆమె పోయాక విజయ అదే చేస్తూ వచ్చింది. ట్రైలర్ లేని ఏళ్లలో కూడా మానలేదు. మొన్న ఆయుధపూజకు మెత్తినది ఇంకా పచ్చగానే ఉంది.

స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే పెచ్చు లేచింది. పసుపు. దాని కింద నల్లబడ్డ ఎరుపు. మళ్లీ పసుపు, బూజుపట్టినది, తడిగా ఉంది. ఎక్కడా ఎండలేదు. ఇన్నేళ్ల నిమ్మరసమూ వాన చెమ్మా దానిలోనే ఇంకి, ఇనుముకు అంటుకుని కూర్చున్నాయి. ఆఖరి పొర లేవగానే ముక్కలు ముక్కలుగా తుప్పు రాలింది. మెడ బయటపడింది. తను అనుకున్నదానికంటే సన్నంగా ఉంది.

మెడ మీద ఒక వెంట్రుక కనిపించింది.

ఊదాడు. పోలేదు. గోటితో తీయబోయాడు. గోరు అందులో దిగి ఆగిపోయింది.

రఘురామ్ గోటిని అలాగే ఉంచి, చుట్టూ జరిపాడు. ఆ పగులు గీత మెడ వెనక్కి పోయి, అవతలి పక్క నుంచి మళ్లీ ముందుకు వస్తోంది. సుత్తి తీసుకుని గుండు నెత్తిన చిన్నగా తట్టాడు. ఠంగుమనలేదు. పగిలిన కుండను తట్టినట్టు ఒక పొడిమాట పలికింది.

అతనికి మొదట నవ్వు వచ్చింది. మధ్యాహ్నం నుంచీ కుస్తీ పడుతున్నది కింద. అక్కడ నట్టూ మరా పలకా తుప్పుపట్టి ఒకటైపోయాయి, ఏ దేవుడూ విడదీయలేడు. ఊడిపోయేది అక్కడ కాదు. పైన, బొట్టు కింద, ఎవరూ చూడని చోట. ఇంకో వంతెనకు ఊడుతుందో, పది వంతెనలకు ఊడుతుందో. బరువు పడి, లాగి, తోసి, మళ్లీ లాగి.

తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ పొడిమాట వినగానే లోపల ఎక్కడో, చాలా నెమ్మదిగా, ఎవరో తలుపు సందులోంచి తొంగిచూశారు. ఈసారి మాయం కాలేదు. నిలబడి చూస్తున్నారు.

ఏమీ చేయనక్కర్లేదు. అందులో ఉన్న భయం అదే. ఇన్నేళ్లూ ఆ ఆలోచన తనను ఏదో చేయమంటుందేమోనని వణికాడు. అది ఎప్పుడూ ఏమీ చేయమనలేదు. ఇప్పుడు కూడా అనడం లేదు. సామాన్లు సర్దేసుకో, చేతులు కడుక్కో, అంటోంది. నట్టు రాలేదని చెప్పు. నిజమే కదా.

సందు మలుపులో చెప్పుల చప్పుడైంది. వీధి మొదట్లో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ సుబ్బన్. వాళ్లింట్లో తెలుగే గానీ, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగినవాడు. రెండూ కలిపి మాట్లాడతాడు. పొద్దున రఘురామే రమ్మన్నాడు. ఆ చప్పుడు గేటు దగ్గరకు వచ్చేలోపల రఘురామ్ బొటనవేలు, కింద రాలిన తడి పసుపును ముద్దగా ఎత్తి, మెడ చుట్టూ మెత్తి, నున్నగా రాసేసింది. వేలు రాసింది. తను చూస్తూ ఉన్నాడు. అమ్మ కూడా సరిగ్గా అలాగే, పిల్లకు చెవి వెనక దిష్టిచుక్క పెట్టినంత శ్రద్ధగా రాసేది.

సుబ్బన్ వచ్చి, పరుచుకున్న సామాన్లు చూసి, లెక్కలు రాసినంత సులువు అనుకున్నావా సార్ అని ఎగతాళి చేశాడు. వంగి కిందికి చూశాడు. నట్టు మీద సుత్తి దెబ్బలు చూసి నాలుక చప్పరించాడు. గ్రైండర్ పెట్టి కోసేద్దామంటే కరెంటు లేదు, లైను రిపేరని పొద్దుటి నుంచీ తీసేశారు. పెట్రోలు ట్యాంకు ఉన్న బండికి మంట చూపించడం తనకు ఇష్టం లేదన్నాడు. లేచి, చెప్పు మడమతో గుండును ఒక్క తాపు తన్నాడు.

రఘురామ్ కళ్లు పసుపు మెత్తిన చోటే ఉన్నాయి. గుండు నిలబడింది.

"ఇది వచ్చే జన్మకి గూడా రాదు సార్. కల్యాణం అయిపోయింది దానికీ పలకకీ. విడుంగ, వదిలేయి." సుబ్బన్ చేతులు దులుపుకున్నాడు. "దీనికంటే గట్టిది ఏంది? కొత్త గిన్నెలోపల ఒక రింగు పెట్టేస్తా, పాత గుండుకే పట్టేస్తది. రేపు పొద్దున నువ్వు పళ్లు తోముకునే లోపల అయిపోద్ది."

రఘురామ్ స్క్రూడ్రైవర్ మొనకున్న పసుపును లుంగీకి తుడిచాడు. తాను ఒప్పుకోలేదని, తాను కాదనలేదని, రెండూ ఒకేసారి గమనించాడు.

గడప దగ్గర కొయ్యముక్కలు నేలను కొట్టుకున్నాయి. విజయ పలక మీద వాకిట్లోకి వచ్చింది. జుట్టు ముడేసుకుని, కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని ఉంది. వేళ్లకు జరీ పొడి మెరుస్తోంది. లోపలి నుంచి అంతా విన్నదని ముఖం చెబుతోంది.

"పెట్టిన చోటే కూర్చోవడం మా ఇంట్లో అందరికీ అలవాటే సుబ్బా," అంది. "దాన్నొకదాన్ని తప్పు పట్టొద్దు."

సుబ్బన్ గట్టిగా నవ్వాడు. రింగు సంగతి మళ్లీ ఆమెకు చెప్పాడు. ఆమె తల ఊపుతూ వింది గానీ, చూపు తమ్ముడి మీదే ఉంది.

"నువ్వు చెప్పురా రఘూ. గట్టిగా ఉండాదా?"

"కదలడం లేదక్కా."

"కదలకపోతే సరి."

ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. రఘురామ్ ఆ మాటను లోపల తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఎటు తిప్పినా నిజమే. మనిషి ఇంత నిజంగా కూడా ఉండవచ్చునన్నమాట. నాలుక మీద ఇనుము రుచి తగిలింది.

పోతూ పోతూ సుబ్బన్ కొత్త ట్రైలర్ పట్టా ఎత్తి చూసి, దీనికి గొలుసు లేదేంటి అన్నాడు. రేపు ఎలాగూ వెల్డింగు సామాను తెస్తాను, ఒక గొలుసు కూడా పెట్టేస్తానన్నాడు.

"గొలుసు వద్దు," అంది విజయ.

"అట్లెట్లక్కా? పాతదానికి ఉండేది గదా."

"దీనికి వద్దన్నా గదా."

ఆ గొంతు విని సుబ్బన్ పట్టా వదిలేశాడు. ఎవరి బండి వాళ్లిష్టం అన్నట్టు భుజాలు ఎగరేసి, రేపు వస్తానని వెళ్లిపోయాడు. గేటు కొట్టుకుని ఆగింది. దూరంగా, సముద్రం మీద, పెద్ద సామాను ఏదో ఈడ్చినట్టు ఉరిమింది. గాలి మాత్రం ఇంకా లేదు.

రఘురామ్ సుత్తీ, పైపూ, స్పానర్లూ ఒక్కొక్కటే గోనెపట్టాలో పెట్టడం మొదలుపెట్టాడు. సామాన్లు సర్దేసుకో, చేతులు కడుక్కో. అంతవరకూ అంతా సజావుగానే జరుగుతోంది. ఆ మాట అడగకుండా ఉంటే సజావుగానే జరిగిపోయేది కూడా. కానీ గొలుసు అన్న మాట వినపడగానే చెవులు ఎందుకో నిక్కబొడుచుకున్నాయి.

"గొలుసు ఎందుకు వద్దన్నావక్కా?"

విజయ కొయ్యముక్కలు పక్కన పెట్టి, వేళ్లకున్న జరీ పొడిని చీర కొంగుతో తుడుచుకుంది. కొంగు మెరిసింది.

"పెట్టినా నేను తీసేస్తాను గదరా. ఎందుకు దండగ."

"తీసేయడమేంది?"

"పాతదానికి గూడా తీసేసేదాన్నే." ఆమె చేతులు వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు తేలిగ్గా తిరిగాయి. "వంతెన ముందర సిగ్నల్లో నిలబడతావు గదా, ఆడ. గొడుగు పిడి ఉండాది చూడు, వంకీగా, దాంతో కొక్కెం ఎత్తేదాన్ని. గొలుసు ఒళ్లో పెట్టుకునేదాన్ని. దుకాణం కాడ నువ్వు స్టాండు వేసే లోపల మళ్లీ తగిలించేదాన్ని."

రఘురామ్ చేతిలో పైపు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఎందుకు?"

"ఎందుకేంది. వెనకనించి లారీ ఏదన్నా గుద్దితే, గొలుసుంటే నిన్ను గూడా లాక్కొని పోతాది. పోయేది ఒకరైతే చాలదా. నాయిన నిన్ను కాపాడడానికి పెట్టలే ఆ గొలుసు, నన్ను కాపాడడానికి పెట్టినాడు. నాకు తెలుసు."

"రోజూనా?"

"రోజూ ఎందుకు తీస్తాను, నాకేం పనిలేదా." విజయ నవ్వబోయి, మానేసింది. "నీ భుజాలు పైకి లేచిన రోజు."

అతను పైపును మోకాలి మీద ఆనించుకున్నాడు.

"ఏండ్ల తరబడి నాకు కనబడింది నీ వీపొకటే గదరా. ముఖంలో అయితే దాచుకోవచ్చు. వీపులో ఏం దాస్తావు? కొన్ని రోజులు సిగ్నల్ కాడ నిలబడగానే నీ భుజాలు చెవుల్దాకా లేచేవి. ఈరోజు వీడు నన్ను మోయలేకపోతా ఉండాడు అనుకునేదాన్ని. భయమో, మరొకటో. నేను అడగలే. అడిగితే నువ్వు చెప్పాల్సొస్తది. దాని బదులు గొలుసు తీసేది సులువు."

ఉరుము ఇంకొంచెం దగ్గరగా పలికింది. ఉల్లిపాయల వాసన మీదికి వాన వాసన వచ్చి చేరింది.

చెవులు కాదు. చెవులు ఏమీ మానలేదు. చప్పుడు లేకే వినపడలేదు. ఆలోచన వచ్చిన ప్రతి పొద్దునా, వంతెన నెత్తిన, లాగడం ఆగి తోయడం మొదలుకాని ఆ రెప్పపాటులో, గొలుసు ఆమె ఒళ్లో ఉంది. ఊడిపోతే అని అతను అనుకున్నప్పుడల్లా, ఊడిపోవడానికి ఆమె తన వంతు తలుపు తీసిపెట్టి కూర్చుంది. మధ్యలో మిగిలింది ఆ గుండు ఒక్కటే. ఆ మెడ ఒక్కటే. తెలియక, ఎవరి మాటా వినక, పసుపు కింద తనలో తాను తరుగుతూ, ఆ ఇనుపముక్క ఒక్కటే ఇద్దరి మధ్యా పట్టుకుని ఉంది.

భయమో, మరొకటో. ఆ మరొకటి ఏమిటో ఆమెకు తెలుసా? ముఖం చూస్తే తెలియలేదు. కళ్లద్దాలు నెత్తి మీద నుంచి కిందికి దించుకుని, ఆకాశం వైపు చూస్తోంది. తెలిసినా తెలియకపోయినా రేపు పొద్దున ఆమె వచ్చి ఆ పీట మీదకు జరుగుతుంది. అతని వీపు వంక చూస్తూ కూర్చుంటుంది. భుజాలు లేస్తే, ఈసారి తీయడానికి గొలుసు కూడా ఉండదు. ఊరికే కూర్చుంటుంది.

లోపల తొంగిచూస్తున్న ముఖం కదల్లేదు. సర్దేసుకో అంది. ఆమే వద్దంది కదా. ఆమే ఒప్పుకుంది కదా. అంతా నిజమే. పైపు గోనెలో పెట్టు.

రఘురామ్ పైపు గోనెలో పెట్టాడు.

"లేచి రా. టీ చల్లారిపోయి ఎంతసేపో అయింది. వాన వచ్చేట్టుంది," అంది విజయ. కొయ్యముక్కలు అందుకుని పలకను గడప వైపు తిప్పింది. చక్రాలు సిమెంటు మీద కీచుమన్నాయి. ఆమె వీపు అతనికి కనిపించింది. ఇన్నేళ్లలో ఆ వీపును తాను సరిగా చూసినట్టు గుర్తు లేదు. కుడి భుజం ఎడమదానికంటే కిందికి ఉంది. జాకెట్టు మెడ దగ్గర చెమట మరక. ఆ వీపు దేన్నీ దాచుకోవడం లేదు. దేన్నీ చెప్పడం కూడా లేదు.

"అక్కా."

"ఏమి?"

"ఈడకి రా ఒకసారి."

ఆమె పలకను తిప్పింది. బండి వెనకకు వచ్చింది. ఆ పలక మీద ఆమె తల సరిగ్గా గుండు ఎత్తుకే వస్తుందని రఘురామ్ అప్పుడు గమనించాడు. ఈ గుండును రోజూ ఇంత దగ్గరగా చూసింది ఆమే.

అతను లుంగీ అంచును కిరసనాయిలులో ముంచాడు. మెడ చుట్టూ గట్టిగా తుడిచాడు. పసుపు వచ్చింది, కుంకుమ వచ్చింది, తన వేలి గుర్తు వచ్చేసింది. మొదటి చినుకు బుల్లెట్ సీటు మీద పడి టప్పుమంది.

"ఏందిరా, రక్షను తుడిచేస్తా ఉండావు?"

ఎవరి చెయ్యీ తన మీద పడనివ్వని ఆమె కుడిచేతిని అతను అడగకుండానే పట్టుకున్నాడు. జరీ మెరుస్తున్న చూపుడువేలిని విడదీసి, గుండు మెడ మీద, ఆ గీత మొదలయ్యే చోట పెట్టాడు.